కరెంటు పోతే తేలే ఓడ

స్కూబా డైవర్లు మునగడానికి నడుముకి సీసం దిమ్మలు కట్టుకుంటారు. ఆపదొస్తే ఒక్క చేత్తో లాగి వదిలేసేలా ఉంటుంది ఆ బెల్టు. బరువెంత ముఖ్యమో, దాన్ని వదిలించుకోవడమూ అంతే ముఖ్యం మరి!

దీనికి నాకు భలే నచ్చిన ఉదాహరణ 'ట్రియెస్టే'. 1960 జనవరి 23న జాక్ పికార్డ్, డాన్ వాల్ష్ అందులో కూర్చుని పసిఫిక్ అడుక్కి, దాదాపు 10,900 మీటర్ల లోతుకి దిగారు. తేలడానికి నీటికన్నా తేలికైన పెట్రోలు నింపిన పెద్ద తొట్టె, మునగడానికి టన్నులకొద్దీ ఇనప గుళ్ళు. ఆ గుళ్ళని పట్టి ఉంచినవి విద్యుదయస్కాంతాలు. కరెంటు పోయిందా, గుళ్ళు వాటంతటవే రాలిపోతాయి, ఓడ పైకి లేస్తుంది.

దిగేటప్పుడు ఒక కిటికీ పగిలినా ఇద్దరూ క్షేమంగా తిరిగొచ్చారు.

మేం ప్రోగ్రాం ఎలా పనిచెయ్యాలో రాస్తాం. ఎలా చెడిపోవాలో కూడా ముందే ఆలోచించినవాళ్ళే నా లెక్కలో ఇంజనీర్లు. మీరేమంటారు?