సౌదీ అరేబియాలో స్వల్ప వాహన ప్రమాదాలు: తప్పు నిర్ధారణ, వివాదం, బీమా పరిహారం

ఎవరికీ గాయాలు కాకుండా వాహనాలకు మాత్రమే నష్టం కలిగిన ప్రమాదాన్ని సౌదీ అరేబియాలో స్వల్ప ప్రమాదంగా పరిగణిస్తారు. ఇటువంటి ప్రమాదాల్లో తప్పు ఎవరిదో, ఎంతో శాతాల రూపంలో నిర్ణయించి, ఆ శాతం ప్రకారమే బీమా సంస్థలు పరిహారం చెల్లించే పద్ధతి అక్కడ అమలులో ఉంది. తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్ళి రియాద్, జెద్దా, దమ్మామ్, జుబైల్ వంటి నగరాల్లో వాహనం నడిపేవారికి ఈ పద్ధతి మొదట్లో కొరుకుడు పడదు. భారతదేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం థర్డ్ పార్టీ బీమాను తప్పనిసరి చేసినప్పటికీ, చిన్న గీతలూ సొట్టలూ సాధారణంగా రోడ్డు మీదే మాటలతోనో డబ్బుతోనో తేలిపోతాయి, లేదా ఎవరి బండిని వారు తమ సొంత పాలసీ కిందనే బాగుచేయించుకుంటారు. అందువల్ల తప్పు ఎవరిదన్న ప్రశ్నకు లిఖితపూర్వకమైన సమాధానం అవసరం పడడమే అరుదు. సౌదీలో ఆ సమాధానం లేనిదే పరిహారం సంగతి అటుంచి, వాహనం మరమ్మతు కూడా జరగదు. ప్రమాదపు నివేదిక, దాని ఆధారంగా వచ్చే మరమ్మతు అనుమతి చూడకుండా దెబ్బతిన్న బండిని ముట్టుకోవడానికి వర్క్‌షాపులకు వీలులేదు.

చట్టపరమైన నేపథ్యం

సౌదీ బీమా రంగానికి పునాది 2003లో వచ్చిన సహకార బీమా సంస్థల నియంత్రణ చట్టం. రోడ్డు నియమాలకు ఆధారం 2007 నాటి ట్రాఫిక్ చట్టం. అదే 2007లో బీమా సంస్థలు కలిసి నజ్మ్ అనే సేవా సంస్థను ఏర్పాటు చేసుకున్నాయి. అంతకు ముందు ప్రతి చిన్న ప్రమాదానికీ మురూర్, అనగా ట్రాఫిక్ పోలీసు శాఖ, అధికారి కోసం ఎదురుచూడవలసి ఉండగా, కనీసం ఒక వాహనానికైనా చెల్లుబాటయ్యే బీమా ఉండి, గాయాలు లేని ప్రమాదాలను పరిశీలించే పని క్రమంగా నజ్మ్ చేతికి వచ్చింది. గాయాలున్నా, ఏ వాహనానికీ బీమా లేకపోయినా వ్యవహారం మురూర్‌దే; దానికి ఫోను చేయవలసిన నంబరు 993. బీమా రంగంపై పర్యవేక్షణ చాలాకాలం సౌదీ కేంద్ర బ్యాంకు చేతిలో ఉండి, 2023లో ఏర్పడిన బీమా ప్రాధికార సంస్థకు బదిలీ అయింది.

వాహనదారులు తీసుకోవలసిన కనీస బీమాను స్థానికంగా తామీన్ అనీ, సొంత వాహనానికి కలిగే నష్టాన్ని కూడా భరించే సమగ్ర పాలసీని షామిల్ అనీ వ్యవహరిస్తారు. తప్పనిసరి పాలసీ కింద ఇతరులకు కలిగిన ఆస్తి నష్టానికీ శారీరక నష్టానికీ కలిపి ఒక్కో ప్రమాదానికి కోటి రియాళ్ళ వరకు బీమా సంస్థ బాధ్యత వహిస్తుంది. స్వల్ప ప్రమాదాల్లో ఈ పరిమితి చర్చకే రాదు. చర్చంతా శాతం చుట్టూనే తిరుగుతుంది.

ప్రమాద స్థలంలో జరిగే నిర్ధారణ

నజ్మ్ పరిశోధకుడు ప్రమాద స్థలానికి వచ్చి, లేదా ఫోను యాప్ ద్వారా పంపిన ఫొటోలనూ వివరాలనూ పరిశీలించి, వాహనాలు ఆగిన తీరు, దెబ్బ తగిలిన చోటు, లేన్ గీతలు, సంకేతాలు, టైర్ల జాడలు, ఇద్దరు డ్రైవర్ల వాంగ్మూలాలు ఆధారంగా కురూకి అనే రేఖాపటాన్ని గీసి నివేదిక తయారుచేస్తాడు. తప్పు శాతం సున్నా, 25, 50, 75, 100 అనే అయిదు మెట్లలో ఏదో ఒకటిగా ఉంటుంది. ఈ పద్ధతిలో నడిమి లెక్కలకు చోటు లేదు. మొత్తం వ్యవహారంలో అసలు కీలకమైన ఘట్టం ఇదే. తరువాత బీమా సంస్థ చేసేది చాలావరకు గుణకారమే కాబట్టి, తప్పు తనది కాదనుకునే డ్రైవరు తన వాదనను ఇక్కడే, వాహనాలు కదలక ముందే, రుజువులతో నిలబెట్టుకోవాలి.

రద్దీ రోడ్డుపై వాహనాలను ఎక్కువసేపు నిలిపి ఉంచడాన్ని ట్రాఫిక్ శాఖ అంగీకరించదు. కనుక వాహనాలను పక్కకు తీసే ముందే నాలుగు వైపుల నుంచీ, ఆ తరువాత కొంత దూరం నుంచి రోడ్డు గీతలు, సంకేతాలు కనిపించేలా ఫొటోలు తీయడం అత్యవసరం. డ్రైవర్లలో చాలామంది సొట్టను మాత్రమే దగ్గరగా ఫొటో తీస్తారు. సొట్ట ఎంత లోతుగా ఉందన్నది నష్టం విలువ కట్టేవారికి ఉపయోగపడవచ్చు గాని, ఏ వాహనం ఏ లేన్‌లో ఉందో చెప్పని ఫొటో తప్పు నిర్ధారణకు ఏమాత్రం పనికిరాదు. డాష్‌క్యామ్ రికార్డింగు, సమీప దుకాణాల కెమెరాలు, సాక్షుల ఫోను నంబర్లు కూడా ఈ దశలోనే సేకరించుకోవాలి. అయితే రికార్డింగును పరిశోధకుడికి అందించడం వేరు, సామాజిక మాధ్యమాల్లో పెట్టడం వేరు. ఇతరుల ఏకాంతానికి భంగం కలిగించేలా కెమెరా ఫోన్లను వాడడం 2007 నాటి సైబర్ నేరాల నిరోధక చట్టం కింద శిక్షార్హం.

భాష మరో అడ్డంకి. నివేదిక అరబిక్‌లో ఉంటుంది, ఎదుటి డ్రైవరు అరబిక్‌లో ధారాళంగా తన కథ చెప్పుకుపోతాడు. కొత్తగా వెళ్ళిన తెలుగు డ్రైవరు నాలుగు మాటలతో సరిపెట్టి సంతకం చేసి వస్తాడు. ఫోనులో అనువాదకుడిగా ఒక స్నేహితుణ్ణి కలుపుకొనైనా సరే, తాను ఏ లేన్‌లో ఎటు వెళుతున్నదీ, ఎదుటి వాహనం ఎక్కడి నుంచి వచ్చిందీ పూర్తిగా చెప్పి, అది వాంగ్మూలంలో చేరిందో లేదో చూసుకోవడం అతని హక్కు.

భారతదేశంలో ఎడమవైపున నడిపిన అలవాటు వల్ల వచ్చే పొరపాట్లను కూడా ఇక్కడ ప్రస్తావించాలి. సౌదీలో వాహనాలు కుడివైపున నడుస్తాయి, రౌండబౌట్ చుట్టూ అపసవ్య దిశలో తిరుగుతాయి, అప్పటికే వృత్తంలో ఉన్న వాహనానిదే ప్రాధాన్యం. కనుక లోపలికి ప్రవేశించే డ్రైవరు తన ఎడమ వైపు చూడవలసి ఉండగా, పాత అలవాటు కొద్దీ కుడి వైపు చూసి బండిని ముందుకు పోనిస్తే తప్పు అతని మీదే పడుతుంది. వెనుక నుంచి గుద్దిన సందర్భాల్లో వెనుక వాహనానిదే తప్పన్న భావన సాధారణంగా నిలుస్తుంది గాని, ముందున్న వాహనం అప్పుడే లేన్ మారి అడ్డంగా వచ్చిందని రుజువైతే శాతం తారుమారవుతుంది. ఎక్కువ వివాదాలు పుట్టేది సరిగ్గా ఇక్కడే, ఎందుకంటే లేన్ మార్పు జరిగిన ఆ రెండు మూడు క్షణాలకు రికార్డింగు తప్ప మరో సాక్ష్యం దొరకడం కష్టం.

శాతం పరిహారాన్ని మార్చే తీరు

ఒక ఉదాహరణతో ఈ లెక్క స్పష్టమవుతుంది. మొదటి వాహనానికి 8,000 రియాళ్ళ నష్టం, తప్పు 25 శాతం. రెండవ వాహనానికి 4,000 రియాళ్ళ నష్టం, తప్పు 75 శాతం అనుకుందాం. మొదటి యజమానికి రెండవ వాహనపు బీమా సంస్థ నుంచి 6,000 రియాళ్ళు, రెండవ యజమానికి మొదటి వాహనపు బీమా సంస్థ నుంచి 1,000 రియాళ్ళు వస్తాయి. మొదటి యజమానికి మిగిలిన 2,000 రియాళ్ళను, షామిల్ పాలసీ ఉంటే అతని సొంత బీమా సంస్థ తహమ్ముల్ అనే స్వయంభార మొత్తాన్ని మినహాయించి ఇస్తుంది. లేకపోతే అతనే భరించాలి. ఇదే నష్టాలపై తప్పు చెరిసగం అని తేలితే మొదటి యజమానికి వచ్చేది 4,000 రియాళ్ళే. ఒక్క మెట్టు తేడాతో 2,000 రియాళ్ళు మారిపోవడం చూస్తే, పరిశోధకుడు ‘సగం సగం’ అనగానే తలూపి రావడం ఎంత ఖరీదైన మొహమాటమో అర్థమవుతుంది. పైగా ప్రమాదాల చరిత్ర నమోదై ఉంటుంది గనుక, క్లెయిములు లేనివారికి ప్రీమియంలో లభించే తగ్గింపుపై కూడా ఆ శాతం ప్రభావం పడుతుంది.

రెండు వేర్వేరు వివాదాలు

తప్పు శాతంపై వివాదం, నష్టపు విలువపై వివాదం అనేవి రెండూ ఒకటి కావు. వాటిని కలగలిపి బీమా సంస్థ కార్యాలయం ముందు వాదించేవారు కాలయాపనకు గురవుతారు. నివేదికలోని శాతాన్ని బీమా సంస్థ తనంతట తాను మార్చలేదు. శాతంపై ఆక్షేపణను నివేదిక అందిన వెంటనే, ఆలస్యం చేయకుండా, నజ్మ్ ఏర్పాటు చేసిన మార్గంలో దాఖలు చేయాలి. మురూర్ నమోదు చేసిన ప్రమాదమైతే ఆ శాఖకే వెళ్ళాలి. ఆక్షేపణలో ఆవేదన కంటే రేఖాపటంలోని ఫలానా అంశం ఫలానా ఫొటోతో పొసగడం లేదని చూపడమే పనిచేస్తుంది.

నష్టపు విలువ కట్టే పని తఖ్దీర్ కేంద్రాలది. ఒకప్పుడు పారిశ్రామిక వాడలోని మూడు వర్క్‌షాపుల నుంచి అంచనాలు తెచ్చి సమర్పించే ఆనవాయితీ ఉండేది, ఆ అంచనాలు అడిగినవారిని బట్టి పెరగడమూ తరగడమూ అందరికీ తెలిసిందే. 2012లో అధికారిక విలువ నిర్ధారకుల చట్టం వచ్చిన తరువాత, క్రమంగా ఆ పని శిక్షణ పొందిన, లైసెన్సు గల నిర్ధారకుల చేతికి మారింది. కనుక విడిభాగాల ధర తక్కువ కట్టారనో, లోపలి దెబ్బను గమనించలేదనో అభ్యంతరం ఉన్నవారు ఆ అంచనాపైనే పునఃపరిశీలన కోరాలి గాని నజ్మ్ నివేదికపై కాదు.

నివేదిక, అంచనా, ఇస్తిమారా అనే వాహన రిజిస్ట్రేషను, డ్రైవింగు లైసెన్సు, ఇకామా అనే నివాస అనుమతి పత్రం, బ్యాంకు ఖాతా ఐబాన్ సంఖ్య సమర్పించిన తరువాత వ్యక్తుల క్లెయిమును బీమా సంస్థ సాధారణంగా 15 రోజుల్లో తేల్చాలి. తిరస్కరిస్తే కారణాలను లిఖితపూర్వకంగా తెలపాలి. సమాధానం తృప్తికరంగా లేకపోతే ముందు బీమా సంస్థకు ఫిర్యాదు, ఆపై బీమా ప్రాధికార సంస్థకు ఫిర్యాదు, అప్పటికీ తేలకపోతే బీమా వివాదాల పరిష్కార సంఘాల ఎదుట దావా వేయవచ్చు. 2003 చట్టంలోని 20వ అధికరణం కింద ఏర్పడిన ఈ సంఘాలు సాధారణ న్యాయస్థానాలకు వేరైనవి. వాటి నిర్ణయాలపై అప్పీలు సంఘం ఉంది.

తనాజుల్, అనగా హక్కు వదులుకుంటూ రాసిచ్చే పత్రం, వివాదాన్ని ముగిస్తుంది. ఎదుటివారు చేతిలో పెట్టిన అయిదారు వందల రియాళ్ళు తీసుకుని దానిపై సంతకం చేసిన వ్యక్తి, వర్క్‌షాపులో నష్టం పదిరెట్లని తేలినా మళ్ళీ అడగలేడు.

బీమా సంస్థ వెనక్కి రాబట్టే సందర్భాలు

తప్పనిసరి పాలసీ ఉన్నంత మాత్రాన డ్రైవరు నిశ్చింతగా ఉండటానికి లేదు. ఎర్ర సంకేతాన్ని దాటడం, ఎదురు దిశలో నడపడం, మత్తులో నడపడం, తగిన కారణం లేకుండా ప్రమాద స్థలం నుంచి వెళ్ళిపోవడం వంటి సందర్భాల్లో బీమా సంస్థ బాధితుడికి చెల్లించి, ఆ మొత్తాన్ని తప్పు చేసినవారి నుంచి తిరిగి రాబట్టుకోవచ్చు. బీమాయే లేని వాహనం విషయంలో నష్టపోయినవారు నేరుగా కోర్టుకు వెళతారు, తీర్పు అమలు కాకపోతే 2012 నాటి అమలు చట్టం కింద ప్రయాణ నిషేధం కూడా విధించే వీలుంది. 2023 అక్టోబరు 1 నుంచి బీమా లేని వాహనాలను ఎలక్ట్రానిక్ పద్ధతిలో గుర్తిస్తున్నందున, పాలసీ గడువు ముగిసిన సంగతి ప్రమాదం జరిగే దాకా బయటపడకుండా ఉండటం ఇప్పుడు అరుదు.

యజమాని వాహనం, ఉద్యోగి తప్పు

తెలుగువారిలో చాలామంది నడిపేది సొంత బండి కాదు, కంపెనీదో, కఫీల్ అనే స్పాన్సరుదో. అటువంటప్పుడు పరిహారం వాహన యజమాని ఖాతాకే చేరుతుంది గాని డ్రైవరుకు కాదు, నష్టంలో మిగిలిన భాగం మాత్రం తరచు డ్రైవరు జీతం వైపు చూస్తుంది. కంపెనీ ఉద్యోగులకు 2005 నాటి కార్మిక చట్టంలోని 91వ అధికరణం ఇందుకు హద్దు గీసింది: ఉద్యోగి తప్పు వల్ల యజమాని ఆస్తి దెబ్బతిన్నప్పటికీ, మరమ్మతు నిమిత్తం నెలకు అయిదు రోజుల జీతానికి మించి కోయరాదు, ఆ కోతపై ఉద్యోగి అభ్యంతరం తెలుపుకోవచ్చు. ఇళ్ళలో పనిచేసే హౌస్ డ్రైవర్లు ఈ చట్టం పరిధిలోకి రారు. వారికి గృహ కార్మికుల నియమావళి వేరుగా ఉంది. ఇద్దరికీ సమానంగా వర్తించేది ఒక్కటే: కోత విధించాలంటే తప్పు ఉద్యోగిదేనని చూపాలి, ఆ రుజువుగా యజమాని ముందుకు తెచ్చేది నజ్మ్ నివేదికలోని శాతమే. అందువల్ల బండి యజమానిదైనా, క్లెయిము పెట్టేది యజమానే అయినా, నివేదిక ప్రతిని డ్రైవరు తన దగ్గర ఉంచుకోవాలి, శాతంపై ఆక్షేపణ వేయడానికి గడువు ముగియక ముందే యజమానిని ఒప్పించాలి. వేతన వివాదం ముదిరినప్పుడు రియాద్‌లోని భారత రాయబార కార్యాలయం, జెద్దాలోని కాన్సులేట్ సంప్రదించదగినవి. ఆ సందర్భంలోనూ మొదట అడిగేది ఆ ప్రతినే.