స్తంభం లేని కప్పు

ఇల్లందును పాతవాళ్లు బొగ్గుట్ట అనేవారు. 1871లో విలియం కింగ్ ఆ చుట్టుపక్కల బొగ్గు జాడ పట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. ముందు బాయి, ఆ తర్వాతే ఊరు. క్వార్టర్, దవాఖాన, బడి, గ్రౌండ్ అన్నీ సింగరేణి కంపెనీవే. అలాంటి చోట పెరిగి పెన్సిల్వేనియాలో స్థిరపడినవాడికి అమెరికా చరిత్ర వాషింగ్టన్‌లో కన్నా హెర్షీలో తొందరగా ఒంటబడుతుంది.

అక్కడ బొగ్గుకు బదులు చాక్లెట్. పాడి పశువుల పొలాల నడుమ మిల్టన్ హెర్షీ 1903లో ఫ్యాక్టరీ పని మొదలుపెట్టి, చుట్టూ ఇళ్లు, పార్కు, ట్రాము వేయించాడు. పెద్దవీధి పేరు చాక్లెట్ అవెన్యూ. వీధిదీపాలకు కూడా చాక్లెట్ ఆకారమే. సింగరేణి తన దీపాలను బొగ్గుపెళ్లల్లా చేయించలేదు, ఆ మేరకు మనవాళ్లు నయం.

1929 తర్వాత ఆర్థిక మాంద్యంతో దేశమంతా మిల్లులు మూతపడుతుంటే హెర్షీ మాత్రం కట్టడాలు మొదలుపెట్టాడు. కూలీలు దొరుకుతున్నారు, సిమెంటూ ఇనుమూ చవక. దయా, లెక్కా రెండూ కలిసిన ఆలోచన అది. 1933లో హోటల్ లేచింది, 1936 డిసెంబరులో ఐస్ హాకీతో అరీనా తెరుచుకుంది. ఏడు వేల మందికి పైగా కూర్చోవచ్చు, నడుమ ఒక్క స్తంభం లేదు. జర్మనీ నుంచి వచ్చిన ఇంజనీరు ఆంటన్ టెడెస్కో 200 అడుగులకు మించిన వెడల్పు మీద కాంక్రీటును గుడ్డుపెంకులా వంచాడు. ఆ పెంకు మందం సుమారు మూడున్నర అంగుళాలు, అంటే జానెడు కూడా లేదు. బాయిలో కప్పు నిలబెట్టడానికి అడుగడుక్కీ దిమ్మెలు బిగించిన ఇంటి మనిషి దాని కింద నిలబడితే మొదట తల పైకెత్తి చూస్తాడు, తర్వాతే ఆట.

అరీనా తెరిచి నాలుగు నెలలు గడిచాయో లేదో, 1937 ఏప్రిల్‌లో ఫ్యాక్టరీ కార్మికులు యంత్రాల పక్కనే కూర్చుని సమ్మె చేశారు. పాలు కొనేవాడు లేక మండిపడ్డ రైతులు, యాజమాన్యం పక్షం వాళ్లతో కలిసి లోపలికి దూరి, సమ్మెకారులను కొట్టి తరిమేశారు. యూనియన్ అంటే ఏమిటో ఇల్లందుకు వేరే చెప్పాలా! ఆట స్థలం ఇచ్చిన చేయి అడిగినంత కూలి ఇస్తుందని ఏ కంపెనీ ఊరూ నమ్మలేదు.

ఇక 1962 మార్చి 2. ఫిలడెల్ఫియా వారియర్స్ బాస్కెట్‌బాల్ జట్టు కొత్త ప్రేక్షకుల కోసం కొన్ని ఆటలను హెర్షీకి తెచ్చేది. ఆ రాత్రి న్యూయార్క్ నిక్స్ మీద వారియర్స్ ఆటగాడు విల్ట్ చాంబర్లిన్ ఒక్కడే 100 పాయింట్లు కొట్టాడు. స్కోరు 169–147. ఫ్రీ త్రోలంటే తడబడేవాడు కాస్తా 32లో 28 వేశాడు. లెక్క ప్రకారం చూసింది 4,124 మంది. టీవీ కెమెరా లేదు, చివరి పావు ఆట రేడియో రికార్డు మాత్రం మిగిలింది. కాగితం మీద చేత్తో 100 అని రాసి, దాన్ని పట్టుకున్న చాంబర్లిన్‌ను ఫొటో తీశారు. ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్‌లో ఎవరూ దాటని ఆ అంకె సగానికి కాస్త పైన మాత్రమే నిండిన హాల్లో పుట్టింది.

ఆటలు, మంచు మీద నాట్యాలు, కచేరీలు అన్నీ చూసిన ఆ కప్పు 1979 మార్చిలో మరో పని చేసింది. దగ్గర్లోని త్రీ మైల్ ఐలండ్ అణు కేంద్రంలో ప్రమాదం జరిగింది. అయిదు మైళ్లలోపు గర్భిణులు, బడి ఈడు రాని పిల్లలు వెళ్లిపోవాలని గవర్నర్ కోరాడు. వాళ్లలో కొందరికి అరీనాలో మంచాలు వేశారు.

2002లో హెర్షీ బేర్స్ హాకీ జట్టు పక్కనే కట్టిన జెయింట్ సెంటర్‌కు మారింది. పెద్ద కచేరీలూ అటే వెళ్లాయి. పాత అరీనాను మాత్రం కూల్చలేదు. పిల్లలు మంచు మీద పడుతూ లేస్తూ జారుడు నేర్చుకోవడానికి అక్కడికే వస్తారు.