కలెక్టరు సంతకానికి ముందు: అనంతపురం కరువుసీమలో విదేశీ దత్తత

విదేశీ దంపతులకు బిడ్డను దత్తత ఇస్తూ చివరి ఉత్తర్వు ఎవరు రాయాలి? 2021లో జువెనైల్ జస్టిస్ చట్టాన్ని సవరించి, కోర్టు స్థానంలో జిల్లా మేజిస్ట్రేటును పెట్టారు. 2022 సెప్టెంబరు 1న అది అమల్లోకి వచ్చాక అనంతపురం దరఖాస్తు కూడా జిల్లా కోర్టుకు కాక కలెక్టరేటుకే వెళుతోంది. న్యాయవాదుల చర్చంతా ఈ మార్పు చుట్టూనే తిరుగుతోంది. కరువుసీమలో అంతకన్నా ముందు తేలవలసింది మరొకటుంది: ఆ బిడ్డ శిశుగృహకు ఎలా చేరింది?

1956 నాటి హిందూ దత్తత చట్టం హిందువులకే పరిమితం. అందుకే చాలాకాలం జిల్లా కోర్టు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద విదేశీయులను సంరక్షకులుగా మాత్రమే నియమించేది. దత్తత వాళ్ల దేశంలో పూర్తయ్యేది. 1984లో లక్ష్మీకాంత్ పాండే కేసులో సుప్రీంకోర్టు నిబంధనలు విధించింది. 2003లో భారత్ విదేశీ దత్తతలపై హేగ్ ఒప్పందాన్ని ధ్రువీకరించింది. ఇన్ని అంచెల్లో దంపతుల ఆదాయం, ఆరోగ్యం, ఇంటి పరిస్థితి వడపోతకు వస్తాయి; ఆపైన కేంద్ర దత్తత వనరుల సంస్థ ‘కారా’ ఇచ్చే నిరభ్యంతర పత్రం. బిడ్డ వైపు భారమంతా దత్తత ఇవ్వవచ్చంటూ బాలల సంక్షేమ కమిటీ ఇచ్చే ధ్రువీకరణ మీద పడుతుంది. కన్నవారు బిడ్డను వదులుకోవడానికి తమ చేతుల్లో లేని శారీరక, మానసిక, సామాజిక కారణాలు ఉండాలని జువెనైల్ జస్టిస్ చట్టం 35వ సెక్షన్ అంటుంది. ఆర్థిక కారణం ఊసే లేదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో నెట్టుకొచ్చే నేలలో, వేరుసెనగ ఎండిపోయి కదిరి ప్రాంతం నుంచి బెంగళూరుకో కేరళకో వలసపోయే ఇంట్లో, పేదరికం ఎక్కడ ఆగి సామాజిక కారణం ఎక్కడ మొదలవుతుంది? పునరాలోచనకు చట్టం రెండు నెలలిచ్చింది. వలసలో ఉన్న తల్లికి ఆ గడువు ముగిసిన సంగతే తెలియకపోవచ్చు.

కోర్టు ఉంటే ఇవన్నీ చూసేదనే వాదాన్ని మన ఉమ్మడి రాష్ట్ర చరిత్రే ఒప్పుకోదు. 1999, 2001లలో హైదరాబాదులో దత్తత కుంభకోణాలు బయటపడి, లంబాడా తండాల ఆడశిశువులను కొన్నారన్న ఆరోపణలు వచ్చాయి. అప్పుడు ఉత్తర్వులిచ్చే అధికారం కోర్టులదే. 2001 ఏప్రిల్‌లో ప్రభుత్వం పేదరికం, ఆడపిల్ల వద్దనుకోవడం వంటి కారణాలతో బిడ్డను వదులుకోవడాన్నే నిషేధించాల్సి వచ్చింది. జాప్యం గురించిన ఫిర్యాదూ నిజమే: 2018 జూలై నాటికి దేశంలో 629 దత్తత కేసులు కోర్టుల్లో పెండింగులో ఉన్నాయని కేంద్రమే చెప్పింది. శిశుగృహలో గడిచే ప్రతి నెలా బిడ్డకు నష్టమే.

అయినా కలెక్టరు చేతికి ఇవ్వడంలో ఒక చిక్కుంది. జిల్లా బాలల సంరక్షణ విభాగంపై పర్యవేక్షణ ఆయనదే, సంక్షేమ కమిటీ పనితీరుపై ఫిర్యాదులు వినేదీ ఆయనే. తన యంత్రాంగం తెచ్చిన కాగితాన్ని తానే శంకించాలి. అప్పీలు డివిజనల్ కమిషనరుకు చేసుకోమంటుంది చట్టం. ఆంధ్రప్రదేశ్‌లో ఆ అంచే లేదు (మనకు తెలిసిన ఆర్డీవో వేరు), తత్సమాన అధికారిని ప్రభుత్వం నియమించుకోవాలి.

కరువులో పెరగడం కన్నా విదేశంలో పెరగడం బిడ్డకు మేలు కాదా అని అడగవచ్చు. కన్నవారు నిజంగా లేని బిడ్డకు, మరెవరూ ముందుకు రాని బిడ్డకు మేలే. కానీ దూరదేశపు ఆదరణ అందాలంటే బిడ్డ ఇల్లు విడవాలని లేదు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చాక నెలకొన్న రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్డీటీ), స్పెయిన్ దాతల సాయంతో పిల్లలు సొంత ఊళ్లలోనే చదువుకునేలా చేసి చూపింది. స్పాన్సర్‌షిప్‌కు జువెనైల్ జస్టిస్ చట్టంలోనూ చోటుంది. కాబట్టి వదులుకున్న బిడ్డ విషయంలో ఆ సాయం ముందుగా ఇవ్వజూపారా, తల్లికి తన భాషలో గడువు వివరించారా అన్నది ఉత్తర్వుకు ముందే కలెక్టరు యంత్రాంగానికి సంబంధం లేనివారు గోప్యత చెడకుండా విచారించాలి. ఆ పనిని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అప్పగించవచ్చు. దాని అధ్యక్షుడు జిల్లా జడ్జే.