రాతి గర్భము, ఎముక గర్భము

ఆళ్లగడ్డ శిల్పి ఉలి పట్టుటకు ముందు రాతిని సుత్తితో తట్టి, దాని నాదమును చెవియొగ్గి వినును. శిల్పశాస్త్రములు ఆ నాదమును బట్టియే రాతిని పుంశిల, స్త్రీశిల, నపుంసకశిల యని విభజించి, గర్భదోషము గలదానిని విసర్జింపుమన్నవి. మజ్జలో పుట్టి ఎముకను లోనుండి తొలుచు మైలోమా యను రక్తపు క్యాన్సరు విషయమున ఇట్టి పరీక్ష వైద్యులకు చిరకాలము అలవడలేదు. 1845లో లండనులో ఒక కిరాణా వర్తకుని మూత్రమున వైద్యుడు హెన్రీ బెన్స్ జోన్స్ వింత ప్రోటీనును గుర్తించెను గాని, ఆ వర్తకుని ఎముకలు ఎంత మెత్తబడినవో అతడు మరణించిన పిదప గాని తెలియలేదు.

1895లో రాంట్‌జెన్ కనుగొన్న ఎక్స్‌రే ఆ లోపలిని చూపెను. పుర్రెలో పొడిచినట్లున్న రంధ్రములను, కుంగిన వెన్నుపూసలను వైద్యులు బ్రతికియున్నవారిలోనే చూచిరి. కాని ఎముక ఖనిజములో ఇంచుమించు మూడవవంతు కరగునంతవరకు ఎక్స్‌రే మౌనమే వహించును. కర్నూలు-కడప (కె.సి.) కాలువ క్రింద జీవితమంతయు వరి నాటిన నడుము నొచ్చినచో మైలోమాను ఎవరు శంకింతురు? పైగా 1957లో కర్నూలున వైద్యకళాశాల వెలయువరకు ఆ జిల్లాకు అట్టి కళాశాలయే లేదు. నంద్యాలకు ప్రభుత్వ వైద్యకళాశాల దక్కినది 2023లో.

అన్నిటికంటె నాకు విచిత్రముగా తోచునది బోన్ స్కాన్ వైఫల్యము. ఆ పరీక్షకై ఒంటికెక్కించు రేడియోధార్మిక టెక్నీషియము క్రొత్త ఎముక కట్టుబడు చోటనే చేరి వెలుగును. మైలోమాయో, ఎముకను కట్టు కణములనే అణచివేయును. మరమ్మతును చూపు దీపము, మరమ్మతే లేని యింట నేమి చూపగలదు? ఇతర క్యాన్సర్లలో ఎముకకు ప్రాకిన వ్యాధిని చక్కగా పట్టు సాధనమే ఇచ్చట మోసపుచ్చినది.

సి.టి. చిన్న తొలుపులను సైతము చూపును. ఎమ్మారై ఎముక చెడకమునుపే మజ్జలోని వ్యాధిని పసికట్టును. 2014లో అంతర్జాతీయ మైలోమా బృందము, ఎమ్మారైలో 5 మిల్లీమీటర్లు గాని అంతకు మించి గాని యున్న మచ్చలు ఒకటికంటె ఎక్కువగా కనబడిన చాలును, చికిత్స నారంభింపవచ్చుననెను. 2019లో తొలి పరీక్షగా స్వల్పకిరణముల సర్వాంగ సి.టి.ని నిలిపి, పాత ఎక్స్‌రే సర్వేను వెనుకకు నెట్టెను. పెట్ స్కాన్ చక్కెరను మ్రింగు సజీవకణములను చూపును గనుక, చికిత్సానంతరము మిగిలినది మానినచోటి గుర్తో వ్యాధియో తేల్చును. అయినను ఆ చక్కెరను లోన బంధించు హెక్సోకైనేజు అను ఎంజైము కొరవడిన కొందరిలో, రమారమి పదింట ఒకరిలో, పెట్ కూడ మూగవోవును. అట్టివారికి మరల ఎమ్మారైయే శరణ్యము.