గన్నవరపు విమానాశ్రయము

ఝరాసంగం, న్యాల్కల్ ప్రాంతముల పెద్దలకు భూసేకరణ మను మాట క్రొత్తది కాదు. 2016లో కేంద్రప్రభుత్వ మామోదించిన నిమ్జ్ అను పారిశ్రామిక మండలమునకు ఆ రెండు మండలములలో సుమారు 12,600 ఎకరములు కావలెనని నిర్ణయమైనది. అందుచేత, కృష్ణాజిల్లాలో ఒక విమానాశ్రయమునకై రైతులు భూము లిచ్చిన చరిత్రను నేడు మీకు మనవి చేసెదను.

గన్నవరము విజయవాడకు చేరువనున్న గ్రామము. రెండవ ప్రపంచయుద్ధకాలమున అక్కడి విమానస్థలము సైన్యమున కుపయోగపడెను. తరువాత అది పౌరవిమానముల కేర్పడినది. చిరకాలము దేశములోపల తిరుగు విమానములకే అది చాలియుండెను. 2014లో రాష్ట్రము విభజింపబడి, అమరావతి రాజధాని యగునని నిర్ణయింపగానే దాని ప్రాముఖ్యము పెరిగెను. 2017 మే నెలలో కేంద్ర మంత్రిమండలి దానికి అంతర్జాతీయ హోదా నంగీకరించెను.

హోదా నిచ్చుట ఒక్కనాటి పని. దానికి తగిన వసతులను సమకూర్చుట ఏండ్ల పని. దూరదేశమున కేగు విమానము ఇంధనము నిండుగ నింపుకొనును. బరువు హెచ్చినకొలది నేల విడుచుటకు ముందు అది పరుగిడవలసిన దూరమును హెచ్చును. కావున 2,286 మీటర్ల రన్‌వేను 3,360 మీటర్లకు పొడిగింప నిశ్చయించిరి. ఏలూరు కాలువ అడ్డమై యుండగా దాని దారి మళ్లింపవలసి వచ్చెను. పాస్‌పోర్టులు చూచుటకును, సుంకపు తనిఖీకిని వేరు ఏర్పాట్లు కావలసెను. అన్నిటికంటె ముందు కావలసినది నేల. అది సుమారు 700 ఎకరములు.

ఆ నేలకు వెల నెట్లు చెల్లించిరో గమనింపదగినది. పెక్కుమంది రైతులు భూసమీకరణ పద్ధతిని తమ పొలముల నిచ్చిరి. వానికి మారుగా అమరావతిలో అభివృద్ధి చేసిన స్థలములు లభించునని ఒప్పందము. అనగా గన్నవరపు పొలము విలువ రాజధాని నిర్మాణముతో ముడిపడినది.

2018 డిసెంబరు 4వ తేదీన గన్నవరమునుండి సింగపూరునకు విమానము బయలుదేరెను. ప్రయాణికులు చాలనిచో ఆ నష్టమును రాష్ట్రప్రభుత్వము భరించునట్లు ఏర్పాటుండెను. 2019లో ఆ సాయ మాగెను, విమానమును ఆగెను. ఆ యేడే ప్రభుత్వము మారినది. అమరావతి పనులు స్తంభించి, 2024 వరకు అట్లేయుండెను. పొలములు రన్‌వేలో కలిసెను. వానికి ప్రతిగా రావలసిన స్థలములు మాత్రము పనులు సాగని నేలలో ఉండిపోయెను.

పిమ్మట 2022లో షార్జాకు విమాన సర్వీసు మొదలైనది. కావున విమానాశ్రయమే వ్యర్థమని ఎవరును తలపరాదు. అయితే విమానము ఆగినచో మరల రాగలదు. మాగాణి యొకమారు రన్‌వే యైన పిమ్మట మరల మాగాణి కాదు. ఇచ్చునది నేడే చేయి దాటును, రావలసినది మరియొక పని పూర్తియగుటపై ఆధారపడును. ఈ రెంటి నడుమ నున్న కాలమంతయు రైతే మోయవలెను.

కనుక భూమి నడుగ వచ్చినవారిని పెద్దలు రెండు ప్రశ్న లడుగుట మేలు. ప్రతిఫలము ఏ తేదీలోపల చేతి కందును? దానికి ఆధారమైన పని నిలిచిపోయినచో మాకు ఏమి దక్కును? ఈ రెండు జవాబులును ఒప్పందపత్రమున వ్రాతమూలకముగ నుండవలెను. సంతకము దాని తరువాతనే.