కరణం గారి లెక్క నుంచి క్లౌడ్ మోడల్ దాకా

ఈ ఎపిసోడ్‌ని ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. మన ప్రకాశం బ్యారేజీ నిండితే పట్టే నీళ్లు 3.07 టీఎంసీలు. 2024 సెప్టెంబర్ 2న అక్కడ నమోదైన వరద 11.43 లక్షల క్యూసెక్కులు. ఆ లెక్కన ఖాళీ బ్యారేజీ నిండటానికి ముప్పావు గంట చాలు.

ఆ రోజు మా పిన్ని వాళ్లు సింగ్‌నగర్‌లో మేడ మీద ఉన్నారు. కింద ఇల్లంతా నీళ్లు, కరెంటు లేదు, ఫోన్లో చార్జింగ్ అయిపోవస్తోంది. ఇక్కడ మేమందరం గంట గంటకీ బ్యారేజీ ఫిగర్ చూస్తూ కూర్చున్నాం. అది తగ్గితే పిన్ని ఇంటి దగ్గర కూడా తగ్గుతుందని నా నమ్మకం. చివరికి నాన్నే అన్నారు, "ఒరేయ్, సింగ్‌నగర్‌ని ముంచింది కృష్ణ కాదురా, బుడమేరు" అని. బుడమేరుకి గండ్లు పడి ఆ నీళ్లు ఊళ్లోకి వచ్చాయి. కృష్ణ నిండుగా ఉంటే బుడమేరు డైవర్షన్ కాలువ నీళ్లు నదిలోకి సరిగ్గా దిగవు, కాబట్టి రెండింటికీ సంబంధం ఉంది. కానీ రెండూ ఒకటి కాదు. నేను చూసిన నంబర్ కరెక్టే. నేను అడగాల్సిన ప్రశ్నకి అది జవాబు కాదు, అంతే.

నా ఉద్యోగం అప్పటిదాకా రిపోర్టులు చేయడమే. క్లౌడ్‌లో ఉన్న డేటా మోడల్‌కి ఎక్సెల్, పవర్ బీఐ లాంటివి కనెక్ట్ చేయడం. అలాంటి నేనే తప్పు నంబర్ చూస్తూ కూర్చున్నానంటే, దీని కథ మొదటి నుంచి చెప్పుకోవాలి అనిపించింది.

మన డెల్టాలో లెక్కలు కొత్త కాదు. 1852లో బెజవాడ దగ్గర ఆనకట్ట మొదలై, 1855కి పూర్తయింది. తర్వాత 1954 నుంచి 1957 మధ్య దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ కట్టారు. ఈ నీళ్ల మీద ఇప్పుడు దాదాపు 13 లక్షల ఎకరాలు ఆధారపడి ఉన్నాయి. ఏ కాలువకి ఎంత వదిలారు, ఏ సర్వే నంబర్‌లో ఏ పంట, ఎంత శిస్తు, ఇదంతా ఎక్కడో రాయాలి కదా? ఊళ్లో ఆ పని కరణం గారిది. అడంగల్ ఆయన దగ్గరే. ఏడాదికోసారి జమాబందీకి ఊరి లెక్కలన్నీ పై అధికారి ముందు పెట్టి సరిచూసేవాళ్లు. మా భాషలో చెప్పాలంటే అది "రిఫ్రెష్". కాకపోతే సంవత్సరానికి ఒక్కసారి!

కరణం గారి బలం పుస్తకంలోనే కాదు, ఆ పుస్తకాన్ని చదవగలగడంలో ఉంది. ఏ గీతకి ఏం అర్థమో ఆయనకే తెలుసు. రైతు ఆయన గుమ్మం దగ్గర నిలబడాల్సిందే. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ వంశపారంపర్య ఉద్యోగాలను రద్దు చేసింది. లెక్క ఒక ఇంటి నుంచి ఆఫీసుకి వచ్చింది. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇప్పుడు 1993కి వెళ్దాం. రిలేషనల్ డేటాబేస్‌కి పునాది వేసిన ఎడ్గార్ కాడ్ ఆ ఏడాది ఒక పేపర్‌లో "ఓలాప్" అనే మాట వాడారు. ఐడియా సింపుల్. బిల్లు కొట్టే డేటాబేస్ వేరు, బిల్లులన్నీ కలిపి ప్రశ్నలు అడిగే ఏర్పాటు వేరు. మైక్రోసాఫ్ట్ 1996లో పనోరమా అనే ఇజ్రాయెల్ కంపెనీ నుంచి ఈ టెక్నాలజీ కొని, 1998లో ఎస్‌క్యూఎల్ సర్వర్ 7తో పాటు ఓలాప్ సర్వీసెస్‌గా ఇచ్చింది. తర్వాత దాని పేరు అనాలిసిస్ సర్వీసెస్ అయింది. ఎక్సెల్ 2000 పివట్ టేబుల్ దానికి నేరుగా కనెక్ట్ అయ్యేది.

అదే 1998లో బెజవాడలో ఏం జరిగిందో తెలుసా? మున్సిపల్ కార్పొరేషన్ "వాయిస్" అనే ప్రాజెక్ట్ మొదలుపెట్టింది. విజయవాడ ఆన్‌లైన్ ఇన్ఫర్మేషన్ సెంటర్. ఊళ్లో 5 కియోస్కులు, వెనకాల మున్సిపల్ ఆఫీసుకి నెట్‌వర్క్. జనన మరణ సర్టిఫికెట్లు, ఇంటి ప్లాన్ అనుమతులు, ఆస్తి పన్ను, నీటి పన్ను అన్నీ అక్కడే. డేటా ఒకచోట, దాన్ని చూసే కిటికీ ఇంకోచోట. క్లౌడ్ అనే మాట జనం నోట్లోకి రాకముందే మన ఊళ్లో ఈ ఆలోచన నడిచింది.

2015లో పవర్ బీఐ అందరికీ అందుబాటులోకి వచ్చింది. 2016 అక్టోబర్‌లో అజూర్ అనాలిసిస్ సర్వీసెస్ ప్రివ్యూగా, 2017 ఏప్రిల్‌లో పూర్తిగా వచ్చింది. అప్పటిదాకా ఆఫీసు సర్వర్ గదిలో ఉన్న మోడల్ క్లౌడ్‌కి ఎక్కింది. 2016లోనే కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి 175 మంది రైతులకి విత్తనం ఎప్పుడు వేయాలో తెలుగులో మెసేజ్‌లు పంపాయి. వెనకాల 30 ఏళ్ల వాతావరణ డేటా, మెషిన్ లెర్నింగ్, పవర్ బీఐ. రైతు చేతిలో మాత్రం మామూలు ఫోన్. సగటున 30 శాతం దిగుబడి ఎక్కువ వచ్చిందని ఇక్రిశాట్ చెప్పింది.

సరే, కనెక్ట్ చేయడం అంటే అసలేంటి? రెండు దారులు. ఒకటి ఇంపోర్ట్: డేటా కాపీ తెచ్చి రిపోర్టులో పెట్టుకోవడం. స్పీడ్‌గా ఉంటుంది, కానీ అది తెచ్చుకున్న టైమ్‌కి సంబంధించిన ఫోటో. రెండోది లైవ్ కనెక్షన్: రిపోర్టులో డేటా ఉండదు, క్లిక్ చేసిన ప్రతిసారీ మోడల్‌నే అడుగుతుంది. లాగిన్‌ని బట్టి ఎవరు ఏ రోలు చూడాలో మోడలే చూసుకుంటుంది.

లైవ్ అంటే తాజా అని అనుకోకండి. నా మొదటి ప్రాజెక్టులో ఒక వ్యాపార సంస్థకి ఇలాగే లైవ్ రిపోర్ట్ చేశాం. సోమవారం పొద్దున్నే సార్ ఫోన్: "శనివారం అమ్మకాలు సున్నా చూపిస్తోందేంటయ్యా?" విషయం ఏంటంటే, క్లౌడ్ మోడల్‌కి ఆఫీసు డేటా చేరాలంటే మధ్యలో గేట్‌వే అనే ప్రోగ్రామ్ నడవాలి. అది అకౌంటెంట్ గారి టేబుల్ కింద ఉన్న కంప్యూటర్‌లో ఉంది. ఆయన శనివారం పద్ధతిగా స్విచ్ ఆపి ఇంటికెళ్లారు! తప్పు ఆయనది కాదు, అక్కడ పెట్టిన మాది.

ఇంకా పెద్ద సమస్య అర్థం. ఒక ఉదాహరణ. మూడు రోజుల వరద: 2 లక్షలు, 3 లక్షలు, 1 లక్ష క్యూసెక్కులు. ఎక్సెల్‌లో కూడితే 6 లక్షలు. ఆ నంబర్‌కి అర్థమే లేదు! క్యూసెక్కు అంటే సెకనుకి ఎన్ని ఘనపుటడుగులు అనే వేగం. రోజులకి రోజులు కూడకూడదు, సగటు తీయాలి, 2 లక్షలు. మొత్తం నీళ్లెన్ని అంటే టీఎంసీల్లోకి మార్చి కూడాలి, దాదాపు 52. ఈ రూల్‌ని ఒక్కసారి మోడల్‌లో రాస్తే, దానికి కనెక్ట్ అయిన ప్రతి రిపోర్టూ ఆ జవాబే ఇస్తుంది. రాయకపోతే పది మంది పది ఎక్సెళ్లలో పది రకాలుగా కూడతారు.

ఇప్పుడు కరణం గారి దగ్గరికి రండి. మోడల్ రాసేవాళ్లే ఈ కాలం కరణాలు. ఏ టేబుల్ పెట్టాలి, ఏది వదిలేయాలి, దేన్ని దేనితో కలపాలి అని వాళ్లే నిర్ణయిస్తారు. బుడమేరు టేబుల్ లేని మోడల్‌కి ఎంత అందమైన డ్యాష్‌బోర్డ్ కనెక్ట్ చేసినా బుడమేరు కనపడదు. అప్పుడు రైతు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఇప్పుడు మనం స్క్రీన్ ముందు నిలబడుతున్నాం.

పిన్ని వాళ్లు క్షేమంగానే బయటపడ్డారు. పడవ వచ్చిన రోజు కూడా నా ఫోన్లో బ్యారేజీ ఫిగర్ ఓపెన్ చేసే ఉంది. అప్పటి నుంచి ఏ నంబర్ ఫార్వర్డ్ అయి వచ్చినా మూడు అడుగుతున్నా: ఇది ఏ నీటి లెక్క, ఎప్పటిది, ఎవరు కూడారు? మీరు కూడా అడగండి. డేటా ఉద్యోగంలో చేరబోయేవాళ్లయితే ఇంకా గట్టిగా అడగండి.

సింగ్‌నగర్, పాయకాపురం వైపు వాళ్లు ఎవరైనా చూస్తుంటే, ఆ మూడు రోజులు మీకు ఏ సమాచారం పనికొచ్చిందో కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.