ఖాళీ మూటలో వచ్చిన తెలుగు

గంభీరావుపేటలో 2023 ఫిబ్రవరిలో మొదలైన కేజీ టు పీజీ ప్రాంగణం వంటి చోట, అప్పుడే లినక్స్ ఎక్కించిన కంప్యూటర్ ఒకటి ఉందనుకుందాం. తెలుగు పేజీ తెరిస్తే అక్షరాల చోట డబ్బాలు కనిపిస్తున్నాయి. ఒక అమ్మాయి నల్లటి తెర మీద ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫాంట్స్-తెలు’ అని ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టి ఎంటర్ నొక్కుతుంది. కాసేపటికి డబ్బాలు పోయి అక్షరాలు నిలుస్తాయి. ఈ ఒక్క వరుస వెనక ఏళ్ల తరబడి పని ఉంది.

గంభీరావుపేట ఉన్న సిరిసిల్ల వైపు వాళ్లకు, ఒకటి ఆడాలంటే ఇంకొకటి ఉండాలనే చిక్కును విడమరచి చెప్పనక్కర్లేదు. సాంచె (మరమగ్గం) ఉన్నంత మాత్రాన గుడ్డ దిగదు. పడుగుకు భీము కావాలి, భీముకు నూలు కావాలి, పేకకు కండెలు కావాలి. ఒక్కటి అందకపోయినా సాంచె ఆగుతుంది. సాఫ్ట్‌వేర్ సంగతీ అంతే. ఒక ప్రోగ్రాం మరో రెండింటి మీద, అవి ఇంకో నాలుగింటి మీద ఆధారపడి నడుస్తాయి. దీన్నే డిపెండెన్సీ అంటారు.

1990ల మొదట్లో లినక్స్ వాడేవాళ్లు చాలా ప్రోగ్రాంల మూలకోడ్ తెచ్చుకుని తామే కంపైల్ చేసుకునేవాళ్లు. ఏ ఫైలు ఎక్కడ పడిందో లెక్క ఉండేది కాదు. పెట్టడమే పాట్లయితే, తీసేయడం ఇంకా పెద్ద పాట్లు. అప్పట్లో లినక్స్‌ను సర్ది ఇచ్చిన ఎస్‌ఎల్‌ఎస్ లోపాలతో విసిగిపోయాడు ఇయన్ మర్డాక్. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో చదువుతున్న అతనికి అప్పుడు 20 ఏళ్లు. 1993 ఆగస్టు 16న డెబియన్ అనే కొత్త లినక్స్ కూర్పును ప్రకటించాడు.

ఆ డెబియన్ కోసమే డీపీకేజీ తయారైంది. 1994లో ఇయన్ జాక్సన్ దాన్ని సి భాషలో తిరగరాశాడు. ప్రోగ్రాంను మూటకట్టి, లోపల ఏ ఫైళ్లున్నాయో, బయట ఏమేం కావాలో చీటీ రాసి పెట్టడం దీని పద్ధతి. ఏది ఎక్కడ పెట్టిందో రాసుకుంటుంది కాబట్టి శుభ్రంగా తీసేయగలదు కూడా. 1995లో రెడ్ హ్యాట్ వాళ్లు ఆర్‌పీఎంతో ఇదే బాట పట్టారు.

అయితే డీపీకేజీది గుమస్తా గుణం. ‘ఫలానాది లేదు’ అని చెప్పి ఊరుకుంటుంది, వెళ్లి తేదు. ఆ ఫలానాది మనమే తెస్తే, దానికి కావలసిన మరొకటి లేదంటుంది. ఈ తిప్పలు తప్పించడానికి ‘డీయిటీ’ అన్న మారుపేరుతో పని మొదలైంది. జేసన్ గన్‌థార్ప్ తదితరులు దాన్ని ముందుకు నడిపారు. అదే ఆప్ట్ అయి, 1999 మార్చిలో డెబియన్ 2.1తో అందరి చేతికీ వచ్చింది. మూటలన్నీ ఉండే గోదాములో ఏముందో ఆ జాబితా అంతా దగ్గర పెట్టుకుని, దేనికి ఏది కావాలో, దేనికి ఏది పడదో ముందే లెక్కగట్టి, దించి, వరుసగా అమరుస్తుంది. గుమస్తా పక్కన ఆసామి వచ్చి కూర్చున్నట్టయింది.

ఆసామి తెచ్చిన సరుకు అసలుదేనా? 2007లో వచ్చిన డెబియన్ 4.0 నుంచి ఆప్ట్ డిజిటల్ సంతకం సరిచూస్తోంది. కానీ సంతకం మూట మారలేదనే చెబుతుంది, కట్టినవాడి మనసు చెప్పదు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్యాకేజీలో దొంగదారి బయటపడింది. లాగిన్‌కు అర సెకను ఆలస్యమెందుకు అవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ప్రోగ్రామర్ ఆరా తీయబట్టి దొరికింది.

మళ్లీ ఆ అమ్మాయి దగ్గరికి వద్దాం. ఆమె అడిగిన ‘ఫాంట్స్-తెలు’ మూటలో ఒక్క అక్షరం కూడా లేదు. అందులో ఉన్నది చీటీ మాత్రమే. ఆ చీటీ పట్టుకుని ఆప్ట్ వెళ్లి లోహిత్‌ను, తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లను వెంటబెట్టుకొచ్చింది. అక్షరాలు చెక్కిందొకరు, మూట కట్టిందొకరు, చీటీ రాసిందొకరు. ఆమె కొట్టింది ఒక్క వరుస.